దువ్వెనన్న మోచేతులు

అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల దువ్వెన నిటారుగా నిలబడి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు దువ్వెన, చిన్నవాళ్ళకు దువ్వెనన్న. భార్య మామూలుగా "ఏవండీ" అంటుంది కానీ, కోపం వచ్చిన రోజున మాత్రం "ఓ దువ్వెనగారూ, కాస్త ఇటు చూస్తారా" అంటుంది. ఆ "గారూ" వినపడిందంటే ఆయన నోరెత్తకుండా పని చూసుకుంటాడు.

సెలూన్ చిన్నది. రెండు మెట్లెక్కితే లోపల గోడ పొడవునా అద్దం, దాని కింద చెక్క బల్ల, బల్ల మీద నీళ్ళు చల్లే సీసా, పటికముక్క, పౌడరు బ్రష్షు, పెద్దా చిన్నా కత్తెరలు. రెండు కుర్చీలు. ఎడమది దువ్వెనన్నది, కుడిది బావమరిదిది. వెనక ఒక చిన్న గది, అందులో నీళ్ళ డ్రమ్ము, తువ్వాళ్ళు ఆరేసుకునే తీగ.

బావమరిదికి నోరెక్కువ, దువ్వెనన్నకు పనితనం ఎక్కువ. ఆయన చెయ్యి తల మీద పడిందంటే ఎంతటివాడికైనా కళ్ళు మూతపడిపోయేవి. గడ్డం చేయించుకుంటూ గురకపెట్టే స్టీలు సామాన్ల కొట్టాయనను లేపడానికి ప్రతిసారీ చెవి దగ్గర కత్తెర ఆడించాల్సి వచ్చేది. "మా బావ చేతిలో మత్తుమందుంది. ఆసుపత్రివాళ్ళకు తెలిస్తే ఎత్తుకుపోతారు" అని బావమరిది వచ్చినవాళ్ళందరితో అనేవాడు. దువ్వెనన్న పైకి విసుక్కునేవాడు కానీ, లోపల మురిసిపోయేవాడు.

ఆ చేతులకే కష్టం వచ్చింది.

మొదట తలలో చుండ్రులా కనిపించింది. "సెలూన్‌వాడికే చుండ్రా!" అని అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. షాంపూలు మార్చాడు, నూనెలు మార్చాడు. చుండ్రయితే పొడిగా రాలిపోవాలి. ఇది చెవుల వెనక, జుట్టు మొదలయ్యే చోట గట్టిగా పెచ్చు కట్టేది. ఆ చలికాలం గొంతునొప్పి, జ్వరంతో మంచాన పడి లేచాక మోచేతుల మీద కూడా ఎర్రటి మచ్చలు తేలాయి. వాటి మీద వెండి రంగు పొలుసులు. కుర్చీ చేతికి రాసుకుని అలా అయిందేమో అనుకున్నాడు. కానీ పిక్కల మీద వచ్చినదానికి ఏ కుర్చీ మీద నెపం పెట్టాలి? వేళ్ళ కణుపుల మీద కూడా వచ్చేసరికి ఇంక దాచడానికి చోటు లేకపోయింది.

ఒకరోజు స్టీలు కొట్టాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద కప్పిన నల్లగుడ్డ మీద తెల్లటి పొట్టు రాలింది. ఆయన కళ్ళు తెరిచి దాన్ని చూశాడు, ఆ తర్వాత అద్దంలో దువ్వెనన్న చేతివేళ్ళను చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మర్యాదస్తుడే. కానీ ఆ తర్వాత వచ్చినప్పుడు కుడి కుర్చీ దగ్గర నిలబడ్డాడు. "నువ్వు అలిసిపోయినట్టున్నావు, నీ బావమరిది చేస్తాడులే" అన్నాడు.

ఈ సంగతి ఎవరూ పైకి అనుకోలేదు కానీ అందరికీ తెలిసిపోయింది. ఎడమ కుర్చీ ఖాళీగా ఉన్నా జనం బెంచీ మీద వరస కట్టి కుడి కుర్చీ కోసం కూర్చునేవాళ్ళు. దువ్వెనన్న అదే దినపత్రికను ఆ కొస నుంచి ఈ కొసకు చదివేవాడు. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేవాడు. బావమరిది వాగుడు కూడా తగ్గిపోయింది. కత్తెర చప్పుడు తప్ప మాట వినపడని సెలూన్‌లో కూర్చోవడం ఎంత కష్టమో అక్కడ కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

వైద్యం చేయించుకోలేదా అంటే, వీధిలో ప్రతివాడూ వైద్యుడే అయ్యాడు. మందుల షాపతను సరిగ్గా చూడను కూడా చూడకుండా "తామర" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. రాసిన కొద్ది రోజులకే మచ్చలు మాయమయ్యాయి. దువ్వెనన్న ఎగిరి గంతేశాడు. రాయడం ఆపేశాడు. అంతే, పోయినవి పోయినట్టే తిరిగొచ్చాయి, వస్తూ వస్తూ చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాయి. మళ్ళీ ట్యూబు, మళ్ళీ మాయం, మళ్ళీ రావడం. అలా రాయగా రాయగా మోచేతి మడతలో చర్మం ఉల్లిపొరలా పలచబడి, సన్నటి ఊదారంగు గీతలు పడ్డాయి.

"రక్తం చెడింది" అన్నారు ఒకరు. గుడ్డు మానేశాడు, చేప మానేశాడు, వంకాయ మానేశాడు. మనిషి సగమయ్యాడు కానీ మచ్చలు మాత్రం బాగా తిని బలిసినట్టున్నాయి. "పొలుసు గీకేస్తే కింద కొత్త చర్మం వస్తుంది" అన్నారు ఇంకొకరు. కాళ్ళు తోముకునే గరుకురాయితో మోచేతులు నెత్తురు వచ్చేదాకా రుద్దాడు. ఆ గాయాలు మానిన చోటల్లా సరికొత్త మచ్చలు మొలిచాయి.

ఇంట్లో తన కంచం వేరు చేసుకున్నాడు, తువ్వాలు వేరు చేసుకున్నాడు. కూతురు అప్పటికి నాలుగో తరగతి. నడవడం వచ్చినప్పటి నుంచి ఆ పిల్లకు జడ వేసేది నాన్నే. ఊరందరి తలలూ దువ్వే చేతులు పొద్దున్నే మొదట దువ్వేది ఆ తలనే. కణుపుల మీద మచ్చలు వచ్చిన రోజు నుంచి "అమ్మ వేస్తుందమ్మా, నాకు టైం అవుతోంది" అని తప్పించుకోవడం మొదలుపెట్టాడు. భార్య పొద్దున్నే కుట్టుపని కేంద్రానికి పరుగెత్తాలి. ఆ హడావుడిలో ఆమె వేసిన జడలు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ చూసేవి.

"నాన్నా, అమ్మ వేస్తే బళ్ళో నవ్వుతున్నారు" అంది పిల్ల ఒకరోజు.

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకో తల్లీ" అన్నాడు అటు తిరిగి.

ఆయన చాప తీసుకుని వేరే పడుకుంటానన్నప్పుడు మాత్రం భార్య ఒప్పుకోలేదు. చాప లాక్కుని చుట్టేసి మూలన పెట్టింది. "ఓ దువ్వెనగారూ, అంటుకునేదే అయితే ఈపాటికి నాకు అంటుకుని ఉండాలి. నా ఒంటి మీద ఒక్క మచ్చ చూపించండి. చూపించలేకపోతే నోరు మూసుకుని ఇక్కడే పడుకోండి" అంది. ఆయన అక్కడే పడుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక సెలవురోజు బస్సు డ్రైవరు వచ్చాడు.

ఆయన చాలాకాలంగా వస్తున్న మనిషే. భారీ విగ్రహం, బుర్రమీసం, ఎప్పుడు చూసినా నిండు చేతుల చొక్కా. బెంచీ మీద ముగ్గురు కూర్చుని కుడి కుర్చీ కోసం చూస్తున్నారు. డ్రైవరు వాళ్ళను దాటుకుని వచ్చి ఎడమ కుర్చీలో దభీమని కూర్చున్నాడు.

"డ్రైవరన్నా, మా బావమరిది ఇప్పుడే ఖాళీ అవుతాడు..." అని నసిగాడు దువ్వెనన్న.

"ఏం, నీ కుర్చీకి కాళ్ళు విరిగాయా?"

"అది కాదన్నా, నా చేతులు..."

"చేతులున్నాయిగా రెండు. కానియ్యి. గడ్డం గీకితే ఇవాళ కొబ్బరిపీచు వస్తుంది."

బెంచీ మీదివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దువ్వెనన్న చాలా రోజుల తర్వాత సబ్బు నురగ కలిపాడు. చెంప మీద కత్తి ఆనగానే చెయ్యి తన దారి తను పట్టింది. డ్రైవరు అద్దంలోంచి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. గడ్డం అయ్యాక లేచి, "మొహం కడుక్కోవాలి, కాస్త వెనక గది చూపించు" అన్నాడు.

వెనక గదిలోకి వెళ్ళగానే ఆయన మొహం కడుక్కోలేదు. తలుపు దగ్గరికి వేసి, ఎడమకాలి ప్యాంటు మోకాలి దాకా పైకి లాగాడు. పిక్క మీద పాత మచ్చలు, లేత గులాబీరంగులో, పొలుసు లేకుండా, అణిగిపోయి ఉన్నాయి.

"గుర్తుపట్టావా వీటిని?"

దువ్వెనన్న వంగి చూశాడు. "అన్నా, నీకు కూడానా?"

"నీకంటే సీనియర్ని. మా అమ్మాయి పుట్టకముందు నుంచీ నాతోనే ఉన్నాయి. నువ్వు రాస్తున్న ట్యూబు ఏదో చూపించు." చూశాడు. "అనుకున్నాను. నేనూ మొదట్లో డబ్బాల కొద్దీ దీన్నే పట్టించాను ఒంటికి. వింటున్నావా తమ్ముడూ, ఇది తామరా కాదు, గజ్జీ కాదు. దీని పేరు సోరియాసిస్. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ ఉంది. రేపు సెలవు పెట్టు, నేను తీసుకెళ్తాను."

"రేపు నీకు డ్యూటీ ఉంటుంది కదన్నా?"

"బస్సు నేను లేకపోయినా నడుస్తుంది. నువ్వు ఒక్కడివే వెళ్తే సగం దారిలో వెనక్కొచ్చేస్తావు. నాకు తెలుసు, నేను రెండుసార్లు వచ్చేశాను."

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకున్న, చిన్నగా మాట్లాడే మనిషి. దువ్వెనన్న బల్లకు దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఆమె తన కుర్చీనే ముందుకు జరుపుకుని, ఆయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గ్లౌజు లేదు. బొటనవేలితో కణుపుల మీది మచ్చను మెల్లగా నిమిరి చూసింది. ఇంటిదాన్ని మినహాయిస్తే ఆ చేతిని ఇంకో మనిషి తనంతట తానుగా పట్టుకుని ఎంతకాలమైందో! దువ్వెనన్న తల దించుకున్నాడు. ఆమె గమనించిందో లేదో, గమనించనట్టే ఉండిపోయింది.

మోచేతులు చూసింది. చెవుల వెనక, మాడు మీద, చివరికి బొడ్డు చుట్టూ కూడా చూసింది. గోళ్ళను వెలుతురులో పెట్టి చూసింది. వాటి మీద గుండుసూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు. అవి కూడా ఈ జబ్బు గుర్తులేనట. అప్పటిదాకా ఆయన వాటిని పట్టించుకోనే లేదు.

"పొద్దున్నే లేవగానే వేళ్ళు పట్టేసినట్టుంటాయా?" అని అడిగింది.

"ఉంటాయి మేడం. కాసేపు వేడినీళ్ళలో పెడితే గానీ కత్తెర పట్టుకోలేను. పనిలో అరిగిపోయాయి అనుకున్నాను."

"ఈ ఉంగరం వేలు ఇలా మొత్తం ఉబ్బి ఎన్నాళ్ళయింది?"

"కొన్ని నెలలైంది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరు ఇప్పుడు రావడం చాలా మంచిదైంది. ఈ జబ్బు కొందరికి చర్మంతో ఆగదు, కీళ్ళలోకి కూడా వెళ్తుంది. ఇంకా ఆలస్యం చేసుంటే వేళ్ళు వంకర తిరిగేవి. చర్మం మీద మచ్చ తగ్గితే తగ్గుతుంది. వంకరపోయిన కీలు మళ్ళీ మామూలుగా కాదు."

దువ్వెనన్న తన వేళ్ళను ముడిచి చూసుకున్నాడు. మచ్చలున్న చేత్తో ఎలాగోలా బతకొచ్చు. వేళ్ళు వంగని క్షురకుడు ఏం చేస్తాడు? గోడకు ఆనుకుని నిలబడ్డ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు కిటికీలోంచి బయట ఏదో ఉన్నట్టు చూస్తున్నాడు.

"అసలు ఎందుకొచ్చింది మేడం? నేనేం తప్పు తిండి తిన్నాను?"

"మీ తప్పేం లేదు. మన ఒంట్లో రోగాలను తరిమే కాపలా ఒకటుంటుంది. మీ ఒంట్లో అది లేని దొంగను చూసి కేకలు పెడుతోంది. ఆ కంగారుకి కొత్త చర్మం తొందర తొందరగా పుట్టుకొచ్చేస్తోంది. పాతది రాలిపోయే లోపలే కొత్తది వచ్చి పేరుకుంటోంది. ఆ పేరుకున్నదే ఈ పొలుసు. రక్తం చెడిపోలేదు. మానేసినవన్నీ హాయిగా తినండి."

"పూర్తిగా పోతుందా?"

"పోతుందని అబద్ధం చెప్పను. అదుపులో ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు మందు వేసుకుని పని చేసుకోవడం లేదూ? అలాగే."

దువ్వెనన్న అసలు ప్రశ్నను చివరిదాకా దాచుకున్నాడు. లేచి నిలబడి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మేడం, మా అమ్మాయికి జడ వేయొచ్చా?"

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసేసింది. "వేయండి. ఎత్తుకోండి, ఒకే కంచంలో తినండి. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదిది. ఎవరికీ, ఎప్పుడూ. మీ రక్తం పంచుకుంది కాబట్టి పెద్దయ్యాక తనకు వచ్చే అవకాశం కాస్త ఉంటుంది, అంతే గానీ వచ్చి తీరాలనేం లేదు. మీ చేతుల వల్ల మాత్రం రాదు."

మర్నాడు పొద్దున్న ఆయన కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, పాయలు తీసి, బిగువుగా, సమంగా రెండు జడలు వేశాడు. పూర్తయ్యాక విప్పేసి మళ్ళీ వేశాడు. "బడికి టైం అవుతోంది నాన్నా!" అని పిల్ల గోల పెడుతుంటే వంటింటి గడపలో నిలబడ్డ భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

వైద్యం మంత్రంలా పనిచేయలేదు. ఆ సంగతి డాక్టరమ్మ ముందే చెప్పింది. పాత ట్యూబును ఉన్నపళంగా మానేయకుండా ఆమె చెప్పిన పద్ధతిలో తగ్గించుకుంటూ రావాలి. పొలుసు గీకకూడదు. గీరుకున్న చోటల్లా కొత్తది మొలుస్తుంది. స్నానం చేయగానే తడి పూర్తిగా ఆరకముందే ఒళ్ళంతా మెత్తటి లేపనం పట్టించాలి. మాడుకు రాసిన మందు పెచ్చును నానబెట్టాక మెల్లగా తలంటుకోవాలి. కీళ్ళ కోసం వారానికి ఒకే ఒక్కసారి వేసుకునే మాత్ర ఇచ్చింది. పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదని, వేళకు రక్తపరీక్ష చేయించుకోవాలని, తాగుడు జోలికి పోకూడదని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

"మందు అలవాటు లేదు మేడం" అన్నాడు దువ్వెనన్న గర్వంగా.

"సిగరెట్టు?"

దువ్వెనన్న నేల చూపులు చూశాడు. సెలూన్ వెనక సందులో రోజూ పొగ లేస్తుందని డ్రైవరుకు తెలుసు. ఆ రోజు నుంచి ఆయన ఎప్పుడొచ్చినా ముందు దువ్వెనన్న జేబు తడిమేవాడు. "దీంట్లో దువ్వెన ఒక్కటే ఉండాలి. ఇంకేం దొరికినా నా బస్సు కింద పెట్టి తొక్కిస్తా" అనేవాడు.

వీపు మీద లేపనం రాసే పని భార్య తీసుకుంది. మొదటి వారాల్లో ఇల్లంతా జిడ్డు. దుప్పట్లు జిడ్డు, తలుపు గొళ్ళెం జిడ్డు. "మిమ్మల్ని పెళ్ళి చేసుకున్నానా, నెయ్యి డబ్బాను చేసుకున్నానా" అని సణుగుతూనే ఒక్క రోజు కూడా మానకుండా రాసింది. నెల దాటాక ఒకనాడు రాస్తూ రాస్తూ ఆగిపోయి, "ఇక్కడ మెత్తబడింది" అంది. ఆయనకు వీపు కనపడదు కదా, నమ్మలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి అక్కడ ఆనించింది. నిజంగానే మెత్తగా ఉంది. మెల్లమెల్లగా పొద్దుటిపూట వేళ్ళు కూడా వదులయ్యాయి. వేడినీళ్ళ గిన్నెతో పని లేకుండా కత్తెర పట్టుకున్న రోజు ఆయన ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే తల మర్దన చేశాడు.

అప్పుడే బావమరిది బాంబు పేల్చాడు.

బెంచీ నిండా జనం ఉన్న పూట. బావమరిది రెండు చేతులూ చాపి దువ్వెనన్న మొహం ముందు పెట్టి, గొంతు చించుకున్నాడు. "బావా, అయిపోయింది! నీది నాకు అంటుకుంది!"

వేళ్ళ సందుల్లో ఎర్రగా కంది, చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, కొన్ని చితికి రసి కారుతున్నాయి. ఒకతను గడ్డం చేయించుకోకుండానే మెట్లు దిగిపోయాడు. డాక్టరమ్మ చెప్పిన మాట దువ్వెనన్నకు గుర్తుంది. అయినా లోపల ఎక్కడో నేల కదిలినట్టయింది. ఆమె పొరబడి ఉంటే? జడలు? ఒకే కంచం?

సెలూన్ మూసి, బావమరిదిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరమ్మ బావమరిది చేతులు చూసి, ముందు ఒకటే అడిగింది. "మీరు జుట్టుకు రంగు వేస్తారా?"

"వేస్తాను మేడం. రంగు పని అంతా నాదే. బావకు ఓపిక తక్కువ."

"దురద ఏ రోజు ఎక్కువ?"

బావమరిది ఆలోచించాడు. "రంగు వేసిన మర్నాడు. సెలవులకు అత్తారింటికి వెళ్ళినప్పుడు తగ్గిపోతుంది. అక్కడి నీళ్ళు మంచివనుకున్నాను."

"నీళ్ళ గొప్పతనం కాదు. అక్కడ మీరు రంగు ముట్టుకోరు, అంతే. ఈ మధ్య దీనికి ఏమైనా రాశారా?"

బావమరిది బావ వైపు ఓరగా చూశాడు. బావ మానేసిన పాత ట్యూబును వెనక గదిలో చూసి, ఊరికే పోతుందెందుకని గుట్టుచప్పుడు కాకుండా రాసుకున్నాడట. అది కూడా, రాసుకుని మళ్ళీ రంగులో చేతులు పెట్టాడట. దువ్వెనన్న వాడి వైపు చూసిన చూపుకు పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీ బావగారిది లోపలి నుంచి వచ్చేది. మీది బయట నుంచి వచ్చింది. రంగులో ఉండే మందు మీ చర్మానికి పడటం లేదు" అంది డాక్టరమ్మ. "మీ బావగారి మచ్చకు అంచు గీత గీసినట్టుంటుంది, పొలుసు మందంగా ఉంటుంది. మీకు పొక్కులు, రసి, రంగు తగిలిన చోటే. రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండూ దురదపెడతాయి. అందుకే ఒకరి మందు ఇంకొకరు రాసుకోకూడదు." ఖాయం చేసుకోవడానికి వీపు మీద ఒక్కోదాంట్లో ఒక్కో రసాయనం పెట్టిన చిన్న చిన్న అట్టముక్కలు అతికించి, కొన్ని రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది. తీసి చూస్తే రంగు మందు పెట్టిన చోట చర్మం కందిపోయి, పొక్కింది. ఆ రంగుకు దూరంగా ఉండాలి, ఒకవేళ ముట్టుకోక తప్పకపోతే సరైన గ్లౌజులు వేసుకోవాలి.

ఆ సాయంత్రం బావమరిది అక్క ముందు నిలబడ్డాడు. అక్క మాటలన్నీ ఇక్కడ రాయడం బాగుండదు. "అందరి ముందూ అరిచిన నోటితోనే అందరి ముందూ చెప్పు" అన్నది మాత్రం రాయొచ్చు.

చెప్పాడు. వాడి నోరు వాడికి కష్టం తెచ్చినా, ఆ పూట మంచికే పనికొచ్చింది. బెంచీ మీద ఎవరు కూర్చున్నా సరే, గ్లౌజులు తొడిగిన చేతులు గాల్లో ఊపుతూ మొదలుపెట్టేవాడు. "అన్నలారా, నాది రంగు పడకపోవడం. మా బావది సోరియాసిస్. రెండూ అంటుకోవు. అంటుకునేదల్లా నా వాగుడే." స్టీలు కొట్టాయన ఆ మాటలు మూడు నాలుగు విడతలు విన్నాక, ఒకరోజు లేచి ఎడమ కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి గురక వినపడింది. దువ్వెనన్న ఆ రోజు ఆయన చెవి దగ్గర కత్తెర ఆడించలేదు. నిద్రపోనిచ్చాడు.

దువ్వెనన్న పొట్టి చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. మోచేతుల మీద లేత మచ్చలు ఇంకా ఉండేవి. చలికాలంలో కాస్త పైకి లేచేవి కూడా. ఎవరైనా అడిగితే చెప్పేవాడు, అడగకపోతే తన పని చేసుకునేవాడు. తల దువ్వేటప్పుడు ఎవరి మాడు మీదైనా మందపు పెచ్చు కనపడితే, "నేను డాక్టర్ని కాదు, కానీ ఒకసారి చూపించుకోండి" అని చెవిలో మెల్లగా చెప్పేవాడు.

కానీ డ్రైవరు మాత్రం నిండు చేతుల చొక్కా విడవలేదు. ఒకసారి దువ్వెనన్న అడిగేశాడు. డ్రైవరు చెప్పాడు. కొత్తగా జబ్బు వచ్చిన రోజుల్లో డ్యూటీ మార్చుకునేటప్పుడు తోటి డ్రైవరు ఒకడు ఇతని కళ్ళ ముందే స్టీరింగును గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను బయట పారేశాడట. "ఆ రోజు గుండీలు పెట్టుకున్నాను తమ్ముడూ. వాడు బదిలీ అయి వెళ్ళిపోయాడు, డిపోలో ఇప్పటికీ ఇంకెవరికీ తెలీదు. నీకు చెప్పడం తేలికైంది. ఎందుకంటే నీకూ ఉంది కదా."

దువ్వెనన్న మనసు చివుక్కుమంది. తనను చెయ్యి పట్టుకుని బయటికి లాగిన మనిషి తను మాత్రం లోపలే ఉండిపోయాడు.

డ్రైవరు పదవీ విరమణ రోజున డిపోలో చిన్న సభ పెట్టారు. పిలుపు అందుకుని దువ్వెనన్న కూడా వెళ్ళాడు. పొద్దున్నే డ్రైవరు మీసం కత్తిరించింది ఆయనే. విశ్రాంతి గదిలో టీ, బిస్కెట్లు, కొన్ని ప్రసంగాలు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా చేయని మనిషని మేనేజరు పొగిడి, అందరూ కలిసి కొన్న కానుకను చేతిలో పెట్టాడు. విప్పితే లేత నీలం రంగు చొక్కా. పొట్టి చేతులది.

"ఇన్నాళ్ళూ ఆ నిండు చొక్కాలో ఉడికిపోయావు, ఇక హాయిగా ఉండన్నా!" అన్నాడు ఒక కుర్ర కండక్టరు. "వేసుకుని చూపించు, వేసుకుని చూపించు" అని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంటికెళ్ళి వేసుకుంటాలే" అన్నాడు డ్రైవరు. బుర్రమీసం కింద పెదవులు వణకడం దువ్వెనన్న ఒక్కడే చూశాడు. లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"వేసుకో అన్నా. నేనున్నాగా."

డ్రైవరు ఆయన మొహంలోకి చూశాడు. ఒక్కొక్క గుండీ విప్పి, పాత చొక్కా తీసి దువ్వెనన్న చేతికిచ్చాడు. బనీను మీదే నీలం చొక్కా తొడుక్కున్నాడు. రెండు ముంజేతుల మీదా అణిగిన మచ్చలు, మోచేతుల మీద తాజాగా లేచిన ఎర్రటి మచ్చలు. చప్పట్లు ఆగిపోయాయి.

"ఏంటన్నా ఇవి? కాలాయా?" అన్నాడు కుర్ర కండక్టరు.

"సోరియాసిస్. అంటుకోదు" అన్నాడు డ్రైవరు.

గది ఊడ్చే పెద్దావిడ టీ గ్లాసులు సర్దుతూ తలెత్తి చూసింది. "మా అమ్మకీ ఉండేవి బాబూ ఇలాంటివే. పాపం, మా ఊళ్ళో ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. మందుందని మాకెవరు చెప్పారు?" అని దగ్గరికొచ్చి, ఆయన చొక్కా భుజం మీది మడతను అరచేత్తో సాపు చేసింది. "రంగు నీకు బాగుంది" అంది. కుర్ర కండక్టరు వచ్చి వాటేసుకున్నాడు. అతని వెనకే మిగతావాళ్ళు. ఎంత పెద్ద విగ్రహమైతేనేం, డ్రైవరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ పరీక్షలకు కలిసే వెళ్తారు. డ్రైవరు ఒకప్పుడు తను నడిపిన బస్సులోనే, ఈసారి ప్రయాణికుడిగా, ముందు సీట్లో. దువ్వెనన్న కిటికీ పక్కన. డాక్టరమ్మ పట్టుకున్న చెయ్యి, చాప లాక్కున్న భార్య, రెండుసార్లు జడ వేయించుకున్న కూతురు, నోటి దురద తీరని బావమరిది, అందరూ ఆయన మనసులో వరసగా మెదులుతారు. అందరికంటే ముందు ఎడమ కుర్చీలో దభీమని కూర్చున్న ఈ మనిషి. ఆయనకు కృతజ్ఞత చెప్పాలని దువ్వెనన్న ప్రతిసారీ గొంతు సవరించుకుంటాడు.

"అన్నా, ఆ రోజు నువ్వు గనక..."

"చూశావా, చూశావా ఆ బ్రేకు తొక్కడం! మనుషుల్ని తీసుకెళ్తున్నాడా, బస్తాలనా? ఓ బాబూ, గేరు మార్చు!" అని డ్రైవరు సీట్లోంచి సగం లేచి అరుస్తాడు.

దువ్వెనన్న నవ్వుకుని, కిటికీ అద్దం కాస్త కిందకి దించి, ఎండ మోచేతుల మీద పడేలా కూర్చుంటాడు.